మట్టి కార్డు మీద ఎవరి పేరు

మినీకాయ్ దీవి,
మంగళవారం.

అమ్మకు పద్మ దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఆ మాట ముందు చెవిన పడకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవనివ్వవు కాబట్టి మొదటే రాసేశాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను కొనిచ్చిన నూనె రాస్తున్నావా, లేక సీసాను అలమరలో పెట్టి రోజూ దాని మొహం చూస్తున్నావా? మరదలు కుమారి, పిల్లలు, గేదె అందరూ కులాసా అని తలుస్తాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, వేళకు తింటున్నాను.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది తమ్ముడే అని తెలుసు. ఒరేయ్ శీనూ, ఇది అమ్మకు రాసిన ఉత్తరం, వరసగా చదువు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఆ ఫోను నీ జేబులో ఉంటుంది. అమ్మ చేతికిచ్చినా స్పీకరు పెట్టి పక్కనే నిలబడతావు. పైగా ఇక్కడ సిగ్నలు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. అందుకని కాగితం, కలం.

నువ్వు పంపిన కాగితం కూడా అందింది. నాన్న పోయాక దొంక పక్క చేను మూడెకరాలూ నీ ఒక్కడి పేరున చేయించుకోవడానికి, నా హక్కు నేను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం. నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ పంపావు. 'ఒక్క సంతకమేగా అక్కా' అని ఫోన్లో ఎన్నిసార్లు అన్నావో లెక్కలేదు. 'మొగుడు పోయె, పిల్లా జెల్లా లేకపోయె, నీకెందుకక్కా చేను' అని కూడా అన్నావు. దాని సంగతికి వస్తాను. ముందు అమ్మకు నా సంగతులు చెప్పుకోనివ్వు.

అమ్మా, పోయినసారి 'దీవంటే ఎట్టా ఉంటదే, కృష్ణ లంకల్లాగనా' అని అడిగావు. లంకల్లో కనీసం ఒండ్రు ఉంటుంది, కూరగాయలు పండుతాయి. ఇక్కడ ఉన్నది ఇసక. తెల్లటి ఇసక. పొడవు మన ఊరి నుంచి అద్దంకి అంత, వెడల్పు మన ఊరి మిరప కల్లాలన్నీ వరసగా పెడితే ఎంతో అంత. కొండ లేదు, వాగు లేదు. రాయి అంటే పగడపు రాయే. నువ్వు ఉంగరంలో పెట్టించుకున్న పగడం అనుకునేవు, అది కాదు, చచ్చిన సముద్రపు పురుగుల గూళ్లు. ఆ గూళ్ల మీద కొబ్బరిచెట్లు నిలబెట్టి దానికి భూమి అని పేరు పెట్టారు. బావిలో చేద వేస్తే రెండు మూరల్లోనే నీళ్లు. కాస్త ఎక్కువ తోడామా, ఉప్పన.

నాకు భూమి అంటే తెలిసింది మన నల్లరేగడి. వానొస్తే చెప్పు లాగేసుకుంటుంది, ఎండాకాలం గేదె కాలు దిగబడేంత నెర్రె ఇస్తుంది. కోపమో ప్రేమో ఏదో ఒకటి చూపిస్తుంది. ఈ ఇసకకు ఏ గుణమూ లేదు. నీళ్లు పోస్తే తాగేసి ఊరుకుంటుంది. పెరట్లో మిరప నారు పోసి చూశాను. కాయ బొద్దుగా, మెరుస్తూ వచ్చింది. కొరికితే దోసకాయ నయం.

మట్టి పరీక్ష చేసేదాన్ని మట్టే లేని చోటికి పంపిన మహానుభావుడెవరో నాకు తెలియదు కానీ, తెలిస్తే ఒక దండం పెడతాను. అద్దంకిలో ల్యాబు పని ఆగిపోయాక, 'దీవుల్లో ఉంది మేడమ్, పచ్చగా ఉంటుంది, చల్లగా ఉంటుంది' అన్నాడు ఏజెన్సీ అతను. దూరపు కొండలు నునుపు అంటారు. ఇక్కడ కొండలే లేవు. చల్లదనం సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దున ఉతికి ఆరేసిన లంగా సాయంత్రానికి ఇంకొంచెం తడుస్తుంది.

తిండి సంగతి. చేప, కొబ్బరి, మళ్లీ చేప. సూర చేపను ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెముక్కలాగా చేస్తారు. మన ఊళ్లో బ్యారన్‌లో పొగాకు కాల్చినట్టే, దగ్గర కూర్చుని సెగ చూసుకుంటూ. అది చూసినప్పుడు ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. వాసన తగిలాక ఆ బెంగ దానంతట అదే పోయింది. నాకు పండుమిరప పచ్చడి రెండు సీసాలు పంపించు. కుమారి చేతికి వదిలెయ్యొద్దు, ఉప్పు ఎంత పడితే అంత వేస్తుంది. నువ్వే దగ్గరుండి నూరించు.

నా పని నీకు తెలిసిందే. చేలో అడ్డదిడ్డంగా పదిచోట్ల పార గుచ్చి, జానెడు లోతు మట్టి తీసి, కలిపి, గుడ్డ మీద పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేసి, చివరికి అరకిలో సంచిలో కట్టడం. సంచితోపాటు ఒక ఫారం. రైతు పేరు, తండ్రి లేదా భర్త పేరు, విస్తీర్ణం ఎకరాల్లో. ఆ ఫారం ఏ ఫ్యాను కింద కూర్చుని రాశారో గానీ, భూగోళమంతా మన మండలమే అనుకుని రాశారు. నేనూ అలాగే అనుకున్నాను. మూడు దీవులు తిరిగాక గానీ ఆ భ్రమ వదల్లేదు.

మొదట అండమాన్. పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చారు గానీ జనం ఇంకా పాత పేరే అంటారు. కొండలు, ఎర్రటి జిగట మట్టి, తెరిపివ్వని వాన. చేపల బజారుకు వెళితే అంతా శ్రీకాకుళం వాళ్లే, గట్టిగా తెలుగు. అక్కడ పండేది వక్క, కొబ్బరి, అన్నిటికంటే ఎక్కువగా గవర్నమెంటు ఉద్యోగం. ఉల్లిపాయ ఓడలో రావాలి, కందిపప్పు ఓడలో రావాలి, ఆఫీసరు విమానంలో రావాలి. వచ్చిన ఆఫీసరు ఎప్పుడు వెనక్కి వెళదామా అని క్యాలెండరు చూస్తుంటాడు. కానీ ఫారం నింపడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఎప్పుడో బయటినుంచి తెచ్చి, అడవి కొట్టించి, పట్టాలిచ్చి కూర్చోబెట్టిన కుటుంబాలు. రైతు పేరు అంటే టకటకా మగవాళ్ల పేర్లు చెప్పారు. మన ఊరే కదా అని హాయిగా రాసుకున్నాను.

తర్వాత కార్ నికోబార్. మనం వెళ్లడానికే పాసు కావాలి. బల్లపరుపు నేల, కొబ్బరి, పందులు, చర్చి పాటలు. సునామీ నాటి పెద్ద అల వచ్చి తీరాన్ని ఊడ్చేశాక ఊళ్లన్నీ లోపలికి జరిపి కట్టుకున్నారు. ఊరికొక కెప్టెన్ ఉంటాడు. మన ప్రెసిడెంటు లాగానే ఎన్నుకుంటారు గానీ, జీపూ, మంది, దండలూ ఏమీ లేవు, ఆయనే కత్తి పట్టుకుని కొబ్బరికాయ కొట్టిచ్చాడు. ఇతన్ని ఎవడు లెక్కచేస్తాడు అనుకున్నాను. అందరూ చేస్తున్నారు, నేను తప్ప. రైతు పేరు చెప్పండయ్యా అంటే ఒక పెద్ద కుటుంబం పేరు చెప్పారు. ముసలీ ముతకా, పుట్టినవాళ్లు, పుట్టబోయేవాళ్లు అందరిదీ అట. ఒకరి పేరు చెప్పండి అన్నాను. నవ్వారు. అమ్ముకోవాలంటే సంతకం ఎవరు పెడతారు అని అడిగాను. ఎందుకు అమ్ముకుంటాం అని వాళ్లు నన్నడిగారు. మన దగ్గర ఉమ్మడి అంటే కోర్టు కేసు అని అర్థం. వీళ్లకు బుర్ర లేదు అనుకుని, ప్రతి ఫారం మీదా కెప్టెన్ పేరే రాసి బయటపడ్డాను.

ఆ మీదట కొచ్చి వచ్చి, మళ్లీ ఓడెక్కి, వాంతులు చేసుకుంటూ ఈ మినీకాయ్ చేరాను. ఇక్కడా పర్మిట్టు ఉండాలి, ఇక్కడా పైన ఢిల్లీ పంపిన అధికారే. వానాకాలంలో ఓడ వస్తుందో రాదో చెప్పలేరు. ఓడ రాకపోతే కూరగాయలు లేవు. ఓడ వచ్చిన రోజు ఉండే తొక్కిడి పెళ్లి భోజనాల దగ్గర కూడా చూడలేదు, అదీ బంగాళాదుంపల కోసం.

నేను ఉండే గది పక్కన టీ కొట్టుంది. అక్కడ హసన్‌కాకా అని ఒక ముసలాయన, ఓడల్లో వంటచేస్తూ లోకమంతా తిరిగొచ్చినవాడు, రోజూ నాకు హిందీలో దీవుల కథలు చెప్తాడు. ఈ ఊళ్లో తెలుగు ముక్క లేదు, ఆదివారం వస్తే నోరు కట్టేసినట్టుంటుంది, అందుకని వింటాను. పసిఫిక్‌లో ఒక దీవికి నేలంతా ఎరువేనట, ఎన్నో తరాల పక్షుల రెట్ట గట్టిపడింది. తవ్వి అమ్ముకుని కొన్నాళ్లు కార్లు కొన్నారట. ఎక్కడికి తిరిగారో, చుట్టు తిరిగితే మళ్లీ ఇంటిముందుకే వస్తారు. ఎరువు అయిపోయింది, ఊరి నడుమ గోతులు మిగిలాయి. ఇంకో దీవి కంప్యూటర్లలో వెబ్‌సైటు పేర్ల చివర తన పేరుకొచ్చే రెండక్షరాలను అద్దెకిచ్చుకుంటుందట. ఇంకోచోట జెండా ఒక దేశానిది, నోటు ఇంకో దేశానిది, బియ్యం మూడో దేశానివి. మరోచోట ఎక్కడో చలిదేశంలో ఉన్న రాజుగారు ఒక గవర్నరును పంపుతాడట, ఆయన వచ్చి ఎండలో కోటు వేసుకుని నిలబడతాడట. ఇవి దేశాలా, కౌలు చేలా అని నవ్వాను. ఎవడిదో సొంతం, ఎవడో దున్నుతాడు.

అప్పుడాయన మన సముద్రంలోనే ఇంకో దీవి సంగతి చెప్పాడు. అక్కడి జనాన్ని ఓడలెక్కించి పంపేసి సైన్యాన్ని దించారట. తాతల నుంచీ ఉన్నవాళ్లని కూలికొచ్చినవాళ్లుగా రాసేశారు, నేల మాదని చూపించడానికి వాళ్ల దగ్గర ఒక్క ముక్క కాగితం లేకపోయింది అన్నాడు. కాగితం లేకపోతే అంతే కాకా అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. నాకు అప్పట్లో కాగితం అంటే మహా గౌరవం.

ఇక ఈ దీవి. అమ్మా, నువ్వు నవ్వకు. ఇక్కడ పెళ్లయితే మగవాడు పెళ్లాం ఇంటికి వెళతాడు. ఇంటిపేరు కూడా ఆ ఇంటిదే. ఇల్లు, కొబ్బరితోట తల్లి నుంచి కూతురికి వస్తాయి. ఒక దీవి మొత్తం ఇల్లరికపు అల్లుళ్లే. మన దగ్గర ఇల్లరికం వెళ్లిన సాంబయ్య మామను నలుగురిలో ఎట్లా ఆడించేవాళ్లో నీకు గుర్తే. ఇక్కడ సాంబయ్య మామలంతా లుంగీలు ఎగ్గట్టి దర్జాగా తిరుగుతున్నారు. సగంమంది ఓడల మీద ఎక్కడెక్కడో ఉంటారు. ప్రతి ఊరికి మగవాళ్లకొక పెద్దాయన, ఆడవాళ్లకొక పెద్దమ్మ. పెద్దమ్మ పిలిస్తే వీధులు ఊడవడం దగ్గర్నుంచి పెళ్లి వంట దాకా ఆడవాళ్లంతా వస్తారు.

ఇళ్లిళ్లూ తిరిగి ఇసక తీశాను. రైతు పేరు అంటే గడపలో నిలబడ్డ ఆడమనిషి తన పేరు చెప్పింది. తండ్రి లేదా భర్త పేరు అంటే వాళ్లమ్మ పేరు చెప్పింది. పాపం ఫారం అర్థం కాలేదు అనుకున్నాను. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కనా అంతే. నేను చదువుకున్నదాన్ని, పన్నెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఊరంతా ఏకమై తప్పు చెప్తుంటే దిద్దకపోతే ఎలా? మీ ఇంటాయన పేరేంటమ్మా అని విడిగా అడిగి, ఆ పేర్లన్నీ రైతు పేరు గడిలో శుభ్రంగా, గుండ్రటి అక్షరాలతో రాశాను. 'నోటితో చెప్పినంత మాత్రాన ఆడది ఆసామి అయిపోతుందా' అని పైకే అన్నాను, తెలుగు తెలియదు కదా అన్న ధైర్యంతో.

సంచులు ఓడెక్కి వెళ్లాయి. పోయిన నెల, ఎవరి నేలలో ఏముందో పేరుతో సహా అచ్చయిన మట్టి పరీక్ష కార్డులు ఓడ దిగాయి. పంచిపెట్టాను. మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి నా బల్ల మీద ఆ కార్డులన్నీ ఒక్కటీ తగ్గకుండా దొంతరగా ఉన్నాయి. పక్కన కుర్చీలో ఆమినా దీదీ కూర్చుంది. మా వైపు ఊరికి ఆడవాళ్ల పెద్దమ్మ ఆవిడే. నీ ఈడుది. భర్త కలకత్తా రేవులో పనిచేసినప్పుడు అక్కడ ఉండి హిందీ నేర్చుకుంది. ఆవిడ హిందీ, నా హిందీ రెండూ కుంటివే.

"ఇవి ఏ ఊరివి?" అంది.

"ఈ ఊరివే."

"ఈ పేరున్నవాళ్లకు ఇక్కడ నేల లేదు. మా ఆయన నలభై ఏళ్లుగా నా ఇంట్లో అన్నం తింటున్నాడు. మంచివాడు. తోట ఆయనదని మాత్రం ఇంతవరకు ఎవరూ ఆయనకు చెప్పలేదు."

ఆవిడకు కోపం కూడా లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. మళ్లీ ఫారాలు నింపి పంపాల్సి వచ్చింది, అన్నీ. పైవాళ్ల చేత తిట్లు తిన్నాను. పేర్లు చెప్పడానికి ఆమినా దీదీ రెండు రోజులు నా పక్కనే కూర్చుంది. ఇంటి పేరు, ఆడమనిషి పేరు, ఆమె తల్లి పేరు. చెప్తూ పోతుంది, రాస్తూ పోతాను. రెండో రోజు టీ తాగుతూ అడిగింది.

"మీ ఊళ్లో మీ చేనుకు ఇలాంటి కార్డు ఉందా?"

లేకేం అన్నాను, గొప్పగా. మా మండలంలో నేను చేసిన మొదటి కార్డే మాది అన్నాను.

"దాని మీద ఎవరి పేరుంది?"

"మా నాన్నది. ఇకనుంచి తమ్ముడిదవుతుంది."

"రాసింది ఎవరు?"

"నేనే."

 ఆవిడ తర్వాతి ఫారం నా ముందుకు జరిపింది.

నాకు ఒళ్లు మండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. మా ఇల్లు, మా చేను, మా తమ్ముడు, మధ్యలో ఈ ఇసకదిబ్బ మనిషికేం పని అనుకున్నాను. సాయంత్రం దాకా ముఖం మాడ్చుకునే రాశాను. కానీ ఒకసారి తలలో పడ్డ మాట ఊరుకోదు కదా. ఆ చేలో పదిచోట్ల పార గుచ్చింది నేను. నాన్న గట్టు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కార్డు మీద ఏం రాయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రైతు పేరు దగ్గర నా చేయి దానంతట అదే నాన్న పేరు రాసింది. ఆయన తర్వాత ఎవరు అని ఇంకో గడి ఉంటే శీను అని రాసేదాన్ని, ఎవరూ అడక్కుండానే.

ఆ చేలో ముప్పై ఏళ్లు వంగి కాయ కోసింది నువ్వు. కారం ఘాటుకు చేతులు మండి, మజ్జిగలో ముంచుకుని కూర్చునేదానివి. బడినుంచి రాగానే మందుకొట్టే నీళ్లు బిందెలతో మోసింది నేను. శీను అప్పుడు ఒంగోలులో శ్రద్ధగా ఇంటరు తప్పుతున్నాడు. తప్పు పట్టడం లేదురా, ఉన్నమాట. నికోబార్‌లో వాళ్లకు బుర్ర లేదనుకున్నాను, ఇక్కడ ఆడవాళ్లకు ఫారం తెలియదనుకున్నాను. అందరికంటే తెలివితక్కువది ఎవరో ఆ రోజు తెలిసింది. నా మీద నాకు అసహ్యం వేసింది అమ్మా. ఎవరో చేస్తే కాదు, నా పేరు లేకుండా నేనే గుండ్రటి అక్షరాలతో రాసుకున్నందుకు.

గదికి వచ్చి పెట్టె తీసి తమ్ముడి కాగితం చదివాను. అదే మొదటిసారి చదవడం. అప్పటిదాకా పసుపు చూసి కళ్లకద్దుకుని దాచాను, సెలవుకు వచ్చినప్పుడు సంతకం పెడదాంలే అని. సంతకం మనం పెట్టి, చదవడం వకీలుకు వదిలేస్తాం.

మొదటి పేజీ నా గురించి. 'సోదరుని యందలి ప్రేమాభిమానముల చేత' నా భాగం వదులుకుంటున్నానట. శీనూ, నీ మీద నాకు ప్రేమ ఉంది. నీ జ్వరానికి నేను ఉపవాసాలున్నాను. కానీ ఆ ప్రేమకు ఎకరాల్లో విస్తీర్ణం రాయించిన నీ వకీలు ఎవడో వాడికి సిగ్గు లేదు. నేను సంతకం పెట్టను. పిల్లలు లేని దానికి చేనెందుకు అన్నావు. నీకు పిల్లలున్నారని మూడెకరాలూ నీవైపోతాయా? కావాలంటే నా ఎకరం నువ్వే చెయ్యి, నీకంటే బాగా చూసేవాడు ఎవడూ లేడు. కార్డు మీద మాత్రం నా పేరుంటుంది.

ఇంతటితో ఆపేసి ఉంటే ఇది మామూలు అక్కాతమ్ముళ్ల తగువు. రెండో పేజీ తిప్పాను.

అమ్మా, పోయిన నెల ఫోన్లో నువ్వే చెప్పావు, 'తమ్ముడు బ్యాంకు కాగితాలకి యేలిముద్ర ఏయించుకున్నాడే, పంట లోను తిరగరాయాలంట' అని. ఆ రెండో పేజీ కింద ఎడమవైపు ఊదారంగు వేలిముద్ర ఉంది. బొటనవేలి నడుమ అడ్డంగా గీత, చేపలు కోస్తుంటే కత్తిపీట తగిలి తెగిన గీత. ఆ వేలు నాకు జడలు అల్లిన వేలు, నేను పొరబడను. పక్కన నీ పేరు కూడా రాసి ఉంది. అది బ్యాంకు కాగితం కాదు. నాన్న చేలో నీకూ నాకూ వాడికీ సమానంగా భాగం ఉంది. ఆ కాగితంతో నీ భాగం వదిలేశావు, నీకు తెలియకుండా.

కంగారు పడకు. ఇంకా ఏమీ కాలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు నిన్ను తీసుకెళ్లి మళ్లీ వేలు వేయిస్తే గానీ అది చెల్లదు. ఆ కాగితం ఇప్పుడు నా పెట్టెలో ఉంది, అది వెనక్కి రాదు. వాడి మీద నీకు కోపం వస్తే నా కోపం తగ్గిస్తాను, నీకు రాకపోతే నాకు వచ్చింది సరిపోతుంది. వాడు నిన్ను బాగానే చూస్తున్నాడు, కాదనను. అన్నం పెట్టేవాడు అడిగితే నువ్వు ఎలాగూ ఇచ్చేదానివే. అడగడానికి కూడా వాడికి బద్ధకం వేసింది చూశావా, అది నాకు పట్టరాని కోపం.

ఈ ఉత్తరమే ఇంకో ప్రతి రాసి, చర్చి వీధిలో ఉన్న సారమ్మ టీచరుగారికి పంపాను. ఆవిడ నాకు అక్షరాలు నేర్పిన మనిషి, నీకు మంచి స్నేహితురాలు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి నీ పక్కన కూర్చుంటారు. కాబట్టి శీనూ, నువ్వు చదివినా అమ్మ వింటుంది, చదవకపోయినా వింటుంది. నీ నోటితో వింటే బాగుంటుందని నా ఆశ.

నేను క్షేమం, మళ్లీ చెప్తున్నాను. నూనె రాసుకో. పచ్చడి మర్చిపోకు. టీచరుగారికి, ఎదురింటి పెదనాన్నకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. కుమారిని ఏమీ అనవద్దు, తనకు తెలిసి ఉండదు.

రెండో పేజీలో ఉన్నది ఉన్నట్టు కింద రాశాను. ఒరేయ్ తమ్ముడూ, నిదానంగా, అమ్మకు వినపడేటట్టు చదువు.

'నా భర్త మరణానంతరం నాకు సంక్రమించిన భాగము పైన నాకు గల సమస్త హక్కులను నా కుమారుని పేర వదులుకొనుచున్నాను. ఇకమీదట సదరు భూమిలో నాకు ఎట్టి సంబంధము లేదు. ఈ దస్తావేజును ఎవరి బలవంతము లేక, పూర్తిగా చదివించుకొని, విని, అర్థము చేసుకొని నా ఎడమ బొటనవేలి ముద్ర వేసితిని.'

ఇప్పుడు విన్నావమ్మా. ఇక నీ ఇష్టం.

నీ దీవెన కోరే
కూతురు,
పద్మ